గోడ ఒరిగిన నాడే బాధ్యత మొదలు

వర్షాకాలం ప్రవేశించగానే మన వార్తాపత్రికలలో ఏటేటా ఒకే వాక్యం దర్శనమిస్తుంది. భారీ వర్షానికి పాత భవనం కూలి ఇందరు మరణించారు అన్నదే ఆ వాక్యం. వ్యాకరణరీత్యా అందులో దోషం లేదు. ధర్మరీత్యా మాత్రం పెద్ద దోషమే ఉన్నది. ప్రాణాలు తీసిన నేరమంతటినీ అది వానమీద మోపి, మనుష్యులందరినీ నిర్దోషులుగా విడిచిపెడుతున్నది. ఆ రాత్రి వాన ఆ ఒక్క ఇంటిపైనే కురియలేదు గదా! అదే వీధిలో అదే వానకు తడిసిన తక్కిన ఇళ్ళు తెల్లవారేసరికి నిలిచే ఉన్నవి. కూలిన ఇంటికిని, నిలిచిన ఇంటికిని గల భేదమేమిటని విచారిస్తే, అనేక సందర్భాలలో ఆ భేదం మరమ్మతు ఒక్కటే అని తేలుతుంది.

చేయవలసిన మరమ్మతు చేయకపోవడంవల్ల ప్రాణనష్టం సంభవించినప్పుడు చట్టం ఎవరిని బాధ్యులను చేయవలె? ఈ వ్యాసంలో మేము విచారింపదలచిన విషయం ఇదే. మా అభిప్రాయాన్ని మొదటనే మనవి చేస్తున్నాము. ప్రమాదాన్ని ఎరిగి, దానిని తప్పించే అధికారం కలిగి, తగినంత వ్యవధి ఉండి కూడా ఊరకున్నవాడే బాధ్యుడు. అతడు ఇంటి యజమాని కావచ్చును, మునిసిపల్ అధికారి కావచ్చును, సాక్షాత్తు ప్రభుత్వమే కావచ్చును. అధికారం లేనివానిని దండించి, అధికారం ఉన్నవానిని విడిచిపెట్టడం న్యాయం కానేరదు.

భవనం ఒక్కనాటిలో కూలదు. హైదరాబాదు, సికింద్రాబాదు నగరాలలోని పాత ఇళ్ళు రాతితోను, ఇటుకతోను, డంగు సున్నంతోను కట్టినవి. సున్నపు గోడకు నీరే పరమ శత్రువు. డాబామీది తూము పూడిపోయి నీరు నిలిచినచో అది మెల్లగా గోడలోనికి దిగుతుంది. సున్నం పట్టు సడలుతుంది. గోడ సందున మొలచిన రావిమొక్కను లేతగా ఉన్నప్పుడే పెరికివేయకపోతే దాని వేళ్ళు రాళ్ళను విడదీస్తాయి. దూలాలకు చెద పడుతుంది. ఇవి చాలవన్నట్లు కొందరు ఆ పాత గోడలమీదనే కాంక్రీటు స్లాబు వేసి మరొక అంతస్తు లేపుతారు. కాంక్రీటు కట్టడాలకు చావు లేదనుకోవడం కూడా భ్రమయే. పగుళ్ళగుండా నీరు లోపలి ఇనుప కడ్డీని చేరితే అది తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందువల్ల కడ్డీ ఉబ్బి, పైనున్న కాంక్రీటు పెచ్చులుగా రాలుతుంది. ఈ లక్షణాలన్నీ ఏళ్ళ తరబడి కంటికి కనబడుతూనే ఉంటాయి. కాబట్టి, ఇట్లా జరుగుతుందని ఎవరనుకున్నారు అని దుర్ఘటన తరువాత వినబడే మాట తరచు నిలువదు. అనుకొనవలసినవారు ఉన్నారు. అనుకొనడానికి కావలసిన ఆనవాళ్ళు గోడమీదనే ఉన్నవి.

ఈ న్యాయవిచారం నేటిది కాదు. నేటి ఇరాక్ దేశంలో బాగ్దాదు సమీపాన 1940లలో జరిగిన త్రవ్వకాలలో ఎష్నున్న రాజ్యపు శాసనాలు గల మట్టిపలకలు దొరికినవి. అవి సుమారు 3,800 ఏళ్ళనాటివి. అందులో ఒక శాసనం ఒరిగిన గోడను గూర్చినది. గోడ కూలనున్నదని పేట అధికారులు యజమానికి తెలిపిన తరువాత కూడా అతడు దానిని బలపరచక, అది పడి స్వతంత్రుడైన పౌరుడు మరణించినచో, అది రాజు ఎదుట తీర్పు కావలసిన ప్రాణాపరాధం. యజమాని గోడను పడద్రోయలేదు, ఊరకున్నాడంతే. ఆ ఊరకుండడమే నేరమని నాలుగు వేల ఏళ్ళకు దగ్గరగా వెనుకటి మనుష్యులు గ్రహించినారు.

ఇస్లామీయ న్యాయశాస్త్రం ఈ సూత్రాన్ని ఎంతో సూక్ష్మంగా విస్తరించింది. హనఫీ సంప్రదాయంలో ప్రామాణికమైన హిదాయా గ్రంథాన్ని పన్నెండవ శతాబ్దంలో బుర్హానుద్దీన్ మర్గీనానీ రచించినారు. అందులో ఒరిగిన గోడను గూర్చి ప్రత్యేకమైన ప్రకరణమే కలదు. గోడ రాజమార్గంవైపు ఒరిగినప్పుడు దానిని తొలగించుమని సాక్షుల ఎదుట యజమానిని కోరితే, తొలగించడానికి చాలినంత వ్యవధి గడిచినా అతడు పూనుకొనకపోతే, పిమ్మట అది పడి కలిగిన నష్టానికి అతడే జవాబుదారి. అట్లా కోరే హక్కు ఎవరికున్నది? ఆ దారిన నడిచే ఎవరికైనా ఉన్నది. అతడు ముస్లిమయినా ముస్లిమేతరుడయినా ఒక్కటే, ఎందుచేతనంటే దారిలో అందరూ భాగస్వాములే. గోడ పొరుగింటివైపు ఒరిగితే ఆ ఇంటి యజమాని కోరవచ్చును, అందులో కాపురమున్నవారూ కోరవచ్చును.

ఇంతకంటె గమనింపదగిన విషయం మరొకటి ఉన్నది. ఆ కోరిక గోడను తొలగించే అధికారం ఉన్నవానినే ఉద్దేశించి చేయవలె. కిరాయాకు ఉన్నవానికి చెప్పినంత మాత్రాన అది చెల్లదు, ఎందుకంటే గోడను పడగొట్టే అధికారం అతనికి లేదు. ఇక మొదటినుండే గోడను వంకరగా కట్టినవాడు ఎవరి హెచ్చరిక లేకుండానే బాధ్యుడని ఆ గ్రంథం చెబుతున్నది. అంటే కట్టడంలోని దోషానికిని, కట్టిన తరువాతి నిర్లక్ష్యానికిని తేడాను ఆ పండితులు స్పష్టంగా చూచినారు. పందొమ్మిదవ శతాబ్దంలో ఉస్మానీ సామ్రాజ్యం రూపొందించిన మజల్లా అను న్యాయసంహితలో కూడా ఈ ఒరిగిన గోడ సూత్రమే చోటు చేసుకొన్నది. ఎరుక, అధికారం, వ్యవధి అను మూడింటిని మేము పైన బాధ్యతకు కొలమానంగా చెప్పినది ఈ సంప్రదాయాన్ని అనుసరించియే.

మన దేశపు న్యాయస్థానాలు కొన్ని సందర్భాలలో ఇంకొక అడుగు ముందుకే వేసినవి. ఢిల్లీ చాందినీచౌకులోని గడియారస్తంభం 1950ల తొలినాళ్ళలో కూలి దారినపోయేవారి ప్రాణాలు తీసింది. అది మునిసిపాలిటీ సొత్తు. దాని వయస్సు సుమారు 80 ఏళ్ళు. వాడిన సున్నాన్నిబట్టి పై అంతస్తు ఆయుర్దాయం 40, 45 ఏళ్ళకు మించదని విచారణలో తేలింది. మృతుల కుటుంబాలవారు వేసిన దావాలు చివరకు సుప్రీంకోర్టును చేరినవి. 1966లో వెలువడిన తీర్పులో న్యాయస్థానం మునిసిపల్ కార్పొరేషనునే బాధ్యురాలిని చేసింది. రహదారి ప్రక్కన కట్టడం ఉంచుకొన్న యజమాని దానిని భద్రంగా ఉంచడానికి విశేషంగా బద్ధుడని, లోపం ఉన్నదని తనకు తెలియదన్న సాకు అతనిని కాపాడజాలదని ఆ తీర్పు సారాంశం. మామూలుగా కూలని కట్టడం కూలినదంటే ఆ కూలడమే నిర్లక్ష్యానికి సాక్ష్యమన్న సూత్రాన్ని కూడా అక్కడ అన్వయించినారు. తెలుసుకొనవలసిన బాధ్యత ఉన్నవాడు తెలియదనడం ఎట్లా చెల్లుతుంది?

అయితే ఇది నష్టపరిహారానికి సంబంధించిన మాట. శిక్ష విషయానికి వస్తే మన చట్టంలో ఒక విచిత్రమైన వెలితి కనిపిస్తున్నది. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 290వ సెక్షను, భవనాన్ని పడగొట్టేటప్పుడు, మరమ్మతు చేసేటప్పుడు, నిర్మించేటప్పుడు తగిన జాగ్రత్త తీసుకొననివానికి ఆరు నెలలదాకా ఖైదు, లేదా అయిదు వేల రూపాయలదాకా జరిమానా, లేదా రెండూ విధిస్తున్నది. ఆ మాటలను జాగ్రత్తగా చదివితే అవి పనిలోనికి దిగినవానిని ఉద్దేశించినవని బోధపడుతుంది. మరమ్మతు చేస్తూ అజాగ్రత్త చూపిన మేస్త్రీ దానికి దొరుకుతాడు. ఇరువది ఏళ్ళు మరమ్మతు మాటే తలపెట్టని యజమాని ఆ మాటలలో ఇమడడు. అతని విషయంలో చట్టం సాధారణంగా కన్ను తెరిచేది మనుష్యులు మరణించిన తరువాతనే. అప్పుడు నిర్లక్ష్యంవల్ల మరణం కలిగించిన నేరానికి 106వ సెక్షను క్రింద అయిదేళ్ళదాకా ఖైదు విధించవచ్చును. ఆ విచారణ అయినా త్వరగా ముగుస్తుందా? ఢిల్లీలోని ఉపహార్ సినిమాహాలులో 1997 జూన్ 13వ తేదీన మంటలు చెలరేగి 59 మంది మరణించినారు. సరిగా మరమ్మతు చేయని ట్రాన్స్‌ఫార్మరు ఆ మంటలకు మూలం. యజమానుల శిక్ష విషయం సుప్రీంకోర్టులో 2017 వరకు నలుగుతూనే ఉండినది. ఇరువది ఏళ్ళ తరువాత పడే శిక్ష ఇతర భవనాల యజమానులను ఏ మేరకు హెచ్చరించగలదో విజ్ఞులే ఆలోచింపవలె.

ప్రాణాలు పోకమునుపే చేయదగినది చట్టంలో లేకపోలేదు. హైదరాబాదు నగరానికి వర్తించే 1955 నాటి మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం 456వ సెక్షను ప్రకారం, శిథిలమై పడిపోనున్న కట్టడాన్ని తొలగించుమని గాని, బాగుచేయుమని గాని కమిషనరు నోటీసు ద్వారా ఆదేశించవచ్చును. వానాకాలానికి ముందు అటువంటి నోటీసులు పాత ఇళ్ళ తలుపులమీద అంటించడం మనం చూస్తూనే ఉన్నాము. మా ఆక్షేపణ నోటీసులమీద కాదు. నోటీసు అంటించడంతో తమ పని ముగిసినట్లు భావించే ధోరణిమీదనే. ప్రాచీన న్యాయంలో హెచ్చరిక బాధ్యతకు ఆరంభం. మన ఆచరణలో అది అధికారికి విముక్తిపత్రంగాను, యజమానికి చింపివేయదగిన కాగితంగాను మారిపోయినది. సికింద్రాబాదులో 2013 జూలై 8వ తేదీ ఉదయం ఒక పాత హోటలు భవనం కూలి పదిమందికి పైగా మరణించినారు. అటువంటి దుర్ఘటన జరిగిన ప్రతిసారీ శిథిల భవనాల జాబితా తయారు చేయుమని ఉత్తర్వులు వెలువడతాయి. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనడమే మన పద్ధతిగా ఉన్నది.

నోటీసు ఒక్కటే ప్రాణాలను కాపాడలేదనడానికి బొంబాయి నగరమే నిదర్శనం. అక్కడి భిండీబజారులో వందేళ్ళు పైబడిన హుస్సేనీ భవనాన్ని ప్రమాదకరమైనదని 2011లోనే ప్రకటించినారు. కొన్ని కుటుంబాలు తరలివెళ్ళినా మరికొందరు అందులోనే ఉండిపోయినారు. 2017 ఆగస్టు 31వ తేదీ ఉదయం అది కూలి 33 మంది మరణించినారు. ప్రమాదమని తెలిసి కూడా ఎందుకున్నారని ప్రశ్నించడం తేలిక. మన పాతబస్తీ గల్లీలను ఎరిగినవారు అట్లా ప్రశ్నించరు. తండ్రి కాలంనుండి కొద్దిపాటి కిరాయాకు ఉన్న గదిని ఒకసారి విడిచితే మరల అందులో అడుగుపెట్టగలమా అన్నది కిరాయాదారుని భయం. క్రింది అంతస్తులోని చిన్న దుకాణమే అతనికి జీవనాధారం. మరమ్మతు పేరిట తనను వెళ్ళగొట్టి స్థలాన్ని బిల్డరుకు అప్పగిస్తారేమో అన్న అనుమానం నిరాధారమైనదని చెప్పలేము. చావు రావచ్చును, రాకపోవచ్చును. నిలువనీడ పోవడం మాత్రం అతని దృష్టిలో నిశ్చయం. ఈ భయాన్ని తొలగించకుండా ఖాళీ చేయుమనే నోటీసు ఎన్ని అంటించినా ఫలితముండదు.

అధికారం లేనివాని నెత్తిన బాధ్యతను రుద్దే దుర్నయం ప్రభుత్వ భవనాల విషయంలో మరింత స్పష్టంగా కనబడుతున్నది. రాజస్థాన్ రాష్ట్రం ఝాలావాడ్ జిల్లా పిప్లోదీ గ్రామంలో 2025 జూలై 25వ తేదీన ప్రభుత్వ పాఠశాల పైకప్పు కూలి ఏడుగురు పిల్లలు మరణించినారు. తక్షణమే సస్పెండయినవారు ఆ బడి ఉపాధ్యాయులు. పిల్లలను ఆ గదిలో కూర్చోబెట్టడంలో వారి పొరపాటు ఎంత ఉన్నదో విచారణలో తేలవలసినదే. కాని పైకప్పు మార్చడానికి నిధులు మంజూరు చేసే అధికారం ఏ ఉపాధ్యాయునికి ఉన్నది? కిరాయాదారునికి చేసిన హెచ్చరిక చెల్లదని చెప్పిన ఆ పండితులు ఈ సస్పెన్షన్ ఉత్తర్వులను చూస్తే ఏమందురు? దస్తావేజు ఎవరి బల్లమీద ఆగినదో, ఎన్ని నెలలు ఆగినదో విచారించి, అక్కడనుండి బాధ్యతను లెక్కించడమే సరియైన పద్ధతి.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చును. యజమానులందరూ ధనికులు కారు, పాత ఇంటికి ఇరువదిమంది వారసులు, వారిలో సగంమంది విదేశాలలో, వచ్చే కిరాయా పన్నుకే చాలదు, ఇట్టివారు మరమ్మతు ఎట్లా చేయగలరు అని అడుగవచ్చును. ఈ ప్రశ్న న్యాయమైనదే. ధనం ఉన్నచోట కూడా అందరిదీ అయిన పని ఎవరిదీ కాకుండా పోతుందన్నదానికి అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమే సాక్షి. సర్ఫ్‌సైడ్ పట్టణంలో సముద్రతీరాన 1981లో కట్టిన పన్నెండంతస్తుల భవనం 2021 జూన్ 24వ తేదీ తెల్లవారుజామున కొంతభాగం కూలి 98 మంది మరణించినారు. ఈతకొలను దగ్గరి స్లాబు క్రింద తీవ్రమైన శైథిల్యం ఉన్నదని ఇంజనీరు 2018లోనే వ్రాసి ఇచ్చినాడు. ఖర్చు ఎవరు ఎంత భరించవలెనన్న తర్జనభర్జనలలో కాలం గడిచి, అంచనా కోటిన్నర డాలర్లకు పెరిగింది. భవన రూపకల్పనలో కూడా దోషాలున్నట్లు తరువాతి దర్యాప్తులో బయటపడినది. ఏమయినా, మృతుల కుటుంబాలకు 2022లో న్యాయస్థానం ఆమోదించిన పరిహారం నూరు కోట్ల డాలర్లకు మించినది. కోటిన్నరకు వెనుకాడిన చోట నూరు కోట్లు చెల్లించవలసి వచ్చినది. పోయిన ప్రాణాలు మాత్రం తిరిగి రాలేదు. ఆ ఏడే ఫ్లోరిడా చట్టసభ మూడంతస్తులూ అంతకుమించిన అట్టి ఉమ్మడి నివాసభవనాలకు నిర్ణీత వయస్సు రాగానే తనిఖీని తప్పనిసరి చేసి, ముఖ్యమైన మరమ్మతులకు నిధి కూడబెట్టవలెనని నిర్బంధించింది.

మరమ్మతు నిధి అన్న ఆలోచన మనకు పరాయిది కాదు. వక్ఫ్ ఆదాయాన్ని వాకిఫ్ చెప్పినా చెప్పకపోయినా మొట్టమొదట ఆ ఆస్తి మరమ్మతులకే వెచ్చించవలెనని హిదాయా స్పష్టంగా విధిస్తున్నది. దుకాణాల కిరాయాలు వసూలు చేస్తూ గోడల పగుళ్ళను చూడని ముతవల్లీ ఆ ధర్మాన్ని తప్పినవాడే. క్రొత్త నిర్మాణంకంటె జీర్ణోద్ధరణ మిన్న అన్న భావం హిందూ సంప్రదాయంలోనూ కలదు. బొంబాయిలో 1969లో చేసిన చట్టం పాత భవనాలపై మరమ్మతు సెస్సు విధించి, ఆ పనికి ఒక ప్రత్యేక బోర్డునే ఏర్పరచినది. ఆ ఏర్పాటు సమస్యను పూర్తిగా తీర్చలేకపోయినదని పైన చెప్పిన దుర్ఘటనయే చెబుతున్నది. అయినప్పటికీ మరమ్మతును యజమాని ఇష్టానికి విడిచిపెట్టరాదన్న మూలసూత్రం దానిలో ఉన్నది.

ఈ విచారమంతటి ఫలితంగా మేము కోరేవి నాలుగు. మొదటిది, ప్రతి నోటీసులోను గడువు తేదీయేగాక, ఆ గడువు దాటిన తరువాత చర్య తీసుకొనవలసిన అధికారి హోదా కూడా వ్రాయవలె. గడువు దాటినా ఆ అధికారి ఊరకుంటే యజమానితోపాటు అతడు కూడా జవాబు చెప్పుకొనవలె. రెండవది, ఇల్లు ఖాళీ చేసే కిరాయాదారునికి అతడు వదలిన స్థలం కొలతతో, తిరిగి వచ్చే హక్కుతో ఒక ధ్రువపత్రం ముందుగానే చేతికి ఇవ్వవలె. మూడవది, నిజంగా స్తోమత లేని యజమానికి మరమ్మతు కొరకు అప్పు దొరికే ఏర్పాటు ఉండవలె. ఆ పైన కూడా చేయనివానిని, మనుష్యులు మరణించేదాకా ఆగక, చేయని దోషానికే శిక్షించే నిబంధన చట్టంలో చేర్చవలె. నాలుగవది, శిథిల భవనాల జాబితా కార్యాలయంలోని అలమారలో ఉండరాదు. ఏ భవనం ఎందుచేత ప్రమాదకరమో ఆ గోడమీదనే ఉర్దూలోను, తెలుగులోను, బాటసారి చదువగల అక్షరాలలో వ్రాసి పెట్టవలె.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని మన పెద్దలు అన్నారు. కట్టిన ఇంటిని నిలుపుకొని చూడు అన్న మాటను కూడా మనం దానికి చేర్చుకొనవలసిన కాలం వచ్చినది. ఈ సంచికను చదివే విద్యార్థులలో రేపటి ఇంజనీర్లు, వకీళ్ళు, అధికారులు ఉన్నారు. కాని ఆ రోజుదాకా ఆగనక్కరలేదు. తమ గల్లీలో పొట్ట ఉబ్బిన గోడ, నీరు కారే కప్పు, పెచ్చులూడిన బాల్కనీ ఎక్కడెక్కడ ఉన్నవో గుర్తించి, తేదీ వేసి వ్రాతమూలంగా యజమానికిని, మునిసిపల్ కార్యాలయానికిని తెలిపి, రసీదు తీసుకొని భద్రపరచడం ఎవరికైనా సాధ్యమే. నాకు తెలియదు అన్న సాకు ఆనాటినుండి ఎవరికీ ఉండదు. ఒరిగిన గోడను గూర్చి అడగడానికి ఆస్తి అక్కరలేదు, పదవి అక్కరలేదు, ఆ దారిన నడిచేవాడైతే చాలు.